కౌంటర్ తీసేసిన దుకాణం

ఇంజనీరింగ్ కాలేజీలో ఏదో మీటింగు పెట్టారు. సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయని మొయినాబాద్ దుకాణాల వాళ్ళను కూడా పిలిచారు. అదే మా కొంప ముంచింది. అప్పట్లో ఎవరి నోట విన్నా సాఫ్ట్‌వేర్ మాటే. ఆరోజు మాట్లాడిన పెద్దమనిషి కూడా సిటీలో అలాంటి కంపెనీ నడిపేవాడేనట. నిన్నటి పద్ధతి రేపు నడవదని, సరుకుకీ కొనేవాళ్ళకీ మధ్య అడ్డం ఉండకూడదని, విదేశాల్లో ఎవరికి కావలసింది వాళ్ళే తీసుకుంటారని చెప్పాడట. మా ఆయన ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కూడా అదే పాట.

దసరాకల్లా మా కిరాణా దుకాణంలో కౌంటర్ పోయింది. ర్యాకులు, ప్యాకెట్లు, ప్లాస్టిక్ బుట్టలు వచ్చాయి. మా ఆయన మూలన ఒక గుండ్రటి పెద్ద అద్దం కూడా వేలాడదీశాడు. మామయ్యను గల్లా దగ్గర కూర్చోబెట్టి, "బాపూ, నువ్వు లేవకు. ఎవరికేం ఇయ్యకు, వాళ్ళే తీస్కుంటరు" అన్నాడు. జన్మంతా తూకం వేసిన మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చూడలేక చచ్చాను. నేనేదో అనబోతే, మేనేజ్‌మెంటు గురించి నీకేం తెలుసన్నాడు. నిజమే, నాకు తెలిసింది పొయ్యి ఒక్కటేగా!

కాలేజీ పిల్లలు బిస్కెట్లకు, సబ్బులకు వచ్చేవారు. కానీ మా దుకాణం నిలబడింది ఊళ్ళ ఆడవాళ్ళ మీద. చేవెళ్లలో కూరగాయలు అమ్ముకుని, తిరుగు బస్సు దిగి, గడప బయట చెప్పులు విప్పి నిలబడేవారు. కందిపప్పో చింతపండో అడిగితే మామయ్య తూచి, కొసరుగా ఓ బెల్లంముక్క చేతిలో పెట్టేవారు. ఆ కాసేపట్లోనే ఎవరి కోడలు నీళ్ళోసుకుందో, ఎవరి బోరు ఎండిందో తెలిసేది. వాళ్ళు రాకపోతే మాకు దుకాణం లేదు. మామయ్యకైతే వాళ్ళే లోకం. ఇప్పుడు వాళ్ళు గడప దగ్గరే ఆగి, లోపలికి రమ్మంటే నవ్వేసి వెళ్ళిపోతున్నారు.

ఒకరోజు చిన్న మంగళారం నుంచి ఒక అవ్వ వచ్చింది. నా పెళ్ళికి ముందు నుంచీ మా దగ్గరే సరుకు కొనే మనిషి. ఉత్త కాళ్ళతో లోపలికొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా ర్యాకుల మధ్య తిరిగింది. చివరికి ఒక చింతపండు ప్యాకెట్ తీసుకుని, ఆ అద్దం ఎందుకని అడిగింది.

"ఎవరేం తీస్తున్నరో ఈడికెళ్ళి కనపడ్తది అవ్వా" అన్నాడు మా ఆయన. ఏదో గొప్ప వస్తువు చూపిస్తున్నట్టే చెప్పాడు. పాపం, ఆమెను అనలేదు.

అవ్వ ప్యాకెట్ పక్కన పెట్టేసింది. తన సంచి గల్లా బల్ల మీద గుమ్మరించింది. కొంగు విప్పి దులిపింది. "చూస్కో బిడ్డా, నేనేం తియ్యలే."

అయ్యో నిన్ను కాదవ్వా అంటూ మా ఆయన తడబడుతూనే ఉన్నాడు. ఆమె తన సామాను ఏరుకుని వెళ్ళిపోయింది. మామయ్య తల వంచుకుని కూర్చునే ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే మామయ్య నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు. అవ్వ వాకిట్లో మంచం వేసి మజ్జిగ ఇచ్చింది. ముఖంలో కోపమేమీ లేదు. పిల్లవాడు తెలియక చేశాడు, ఎప్పటిలాగే రమ్మని మామయ్య బతిమాలారు. అంత పెద్దాయన అలా అడుగుతుంటే నాకు ఏడుపొచ్చింది.

"పిల్లగానిదేమున్నది సేటూ, ఎవరో చెప్తే చేసిండు" అంది అవ్వ. "నువ్వు గాడనే కూసున్నవ్ గద. వద్దవ్వా అని ఒక్క మాట అనకపోతివి."

మామయ్య మజ్జిగ గ్లాసు తాగకుండానే కింద పెట్టి లేచారు.

మేము దుకాణానికి రాగానే మా ఆయన ఎదురొచ్చి, ఏమన్నదని ఆత్రంగా అడిగాడు.

"వస్తనన్నది" అన్నారు మామయ్య.

అవ్వ ఆ మాట అననేలేదు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. కొత్త పద్ధతికి జనం అలవాటు పడడానికి టైం పడుతుందని ఆ పెద్దమనిషి ముందే చెప్పాడన్నాడు. ఆ సాయంత్రమే ఇంకో డజను బుట్టలు తెప్పించాడు.