హంపమ్మవ్వ శావిగెలు

నేతిలో సేమియా వేగుతుంటే ఆ కమ్మటి వాసనకు మా మనవరాలు వంటింట్లోకి వచ్చి, "అవ్వా, వీటిని ఇంత సన్నగా ఎవరు కోస్తారు?" అని అడిగింది. కొయ్యరే పిచ్చిదానా, సాగదీస్తారు అన్నాను. చెయ్యి గరిటె మీదే ఉంది కానీ మనసు ఆదోనిలో మా పక్కింటి వసారాకు పోయింది.

పంతొమ్మిది వందల యాభైల్లో ఎమ్మిగనూరులోని మగ్గాల ఇంటి నుంచి ఆదోనికి కోడలిగా వచ్చాను. తొలిచూలు బిడ్డ పురిట్లోనే పోయింది. ఆ తర్వాత నేను మాట్లాడలేదు, ఏడవనూ లేదు; గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. వచ్చినవాళ్ళంతా మళ్ళీ పుడతారులే అని చెప్పి పోయేవారు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండేది.

పక్కింటి హంపమ్మవ్వ మాత్రం ఒక పొద్దున వచ్చి, "శావిగెలు సెయ్యల్ల. దారం పట్టేకి మనిషి లేదు, రా" అంది. సేమియాను అక్కడ శావిగెలనే అంటారు. రానని చెప్పాలన్నా నోరు తెరవాలి కదా, అందుకే వెళ్ళాను.

నానిన గోధుమ రవ్వను నూనె చేత్తో రోట్లో దంచి దంచి ఆమె జిగురెక్కించింది. సన్నటి గాడులున్న చెక్కను ఏటవాలుగా పెట్టి, పిండిముద్దను దాని మీద అరచేత్తో రుద్దుతుంటే దారాలు కిందికి జారేవి. వాటిని అందుకుని కట్టెల మీద ఆరవేయడం నా పని. నీడలో ఆ తెల్లటి తెరలు గాలికి ఊగుతుంటే మెలకువలో ఉన్నానో కలలో ఉన్నానో తెలిసేది కాదు.

నాదేమో మగ్గం చెయ్యి, దారం తెగితే ఊరుకోదు. తెగిన కొసలు కలిపి, నూలుకు వేసినట్టే చటుక్కున ముడి వేశాను. ఇంకోటి తెగింది, దానికీ వేశాను.

"ముడేస్తే ఆడ పచ్చిగానే ఉంటాది అమ్మీ. తెగిందాన్ని తెగినట్లే కట్టె మీద ఎయ్యి" అంది అవ్వ.

"తెగింది ఇంక పోయినట్లేనా, అవ్వా?"

ఎన్నో రోజుల తర్వాత నా నోట వచ్చిన మొదటి మాట అది. నేను అడిగింది శావిగె గురించి కాదని ఆమెకు తెలిసిపోయింది.

"పోయినట్లే. నాకూ ఇద్దరు పోయినారు. పేర్లు గూడా పెట్టుకొనింటి."

అప్పుడు ఏడ్చాను, వెక్కివెక్కి. అవ్వ ఓదార్చలేదు, పిండి రుద్దడమూ మానలేదు. దారాలు వస్తూనే ఉన్నాయి, నేను అందుకుంటూనే ఉన్నాను. పొద్దు వాలేసరికి కట్టెలన్నీ నిండాయి. ఇంటికి వచ్చి, అడిగి అన్నం పెట్టించుకుని తిన్నాను.

ఇప్పటికీ ఎవరింట్లోనైనా బిడ్డ పోయిందంటే నాకు ఓదార్పు మాటలు రావు. ఒలవాల్సిన చిక్కుడుకాయలు ఒడిలో వేసుకుని పోతాను. ఆ తల్లి ఎదురుగా కూర్చుని, సగం ఆమె ముందు పోసి, "కొంచెం చెయ్యి సాయం పట్టు అమ్మీ" అంటాను.