లోటులో రాయని గుడ్లు

ఎవరైనా మొదట చెప్పిన ధరను నమ్మొద్దని నాన్న నాకు బడికి పోకముందే నేర్పాడు. శంషాబాద్‌లో మా కిరాణా కొట్టు గల్లా పక్కన కూర్చుని పెరిగినవాణ్ని. దవాఖానలో డాక్టర్ ఫీజు చెబితే అలవాటుకొద్దీ ‘ఆఖరుకు ఎంత సార్?’ అని అడిగి, నర్సు చేత చీవాట్లు తిన్నవాణ్ని. అలాంటి నేను రాష్ట్ర బడ్జెట్‌లో అచ్చయిన అంకెను నమ్మాను. రూపాయి కూడా బేరం చేయకుండా నమ్మాను.

మా సందు చివర సర్కారు బడి ఉంది. అందులో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే ఆమె మా దగ్గరే సరుకులు కొనేది. బియ్యం సర్కారు ఇస్తుంది. పప్పు, నూనె, కూరగాయలు, గుడ్లు మాత్రం వండే మనిషే ముందు కొనిపెట్టాలి. నెల ముగిశాక బిల్లు పెడితే ఆ డబ్బు ఆమె ఖాతాలో పడాలి. ఆ యేడు మూడు నెలల బిల్లులు పడలేదు. అంతా మా కొట్టులో అరువే.

బడ్జెట్ వచ్చిన మర్నాడు ఆమె నూనె కోసం వస్తే, పేపరు గల్లా మీద పరిచి చూపించాను.

“జర ఇటు చూడు చెల్లె. బడి భోజనానికి పోయినేటికన్న ఎక్కువ రాసిన్రు.”

“రాస్తే వచ్చినట్టేనా అన్నా?”

“అసెంబ్లీల చదివిన్రు. ఇగ రాకుంటె ఎట్ల?”

“నీ కొట్టు ముంగట ‘అరువు లేదు’ అని బోర్డు రాసి పెట్టుకున్నవ్. ఇస్తలేవా?” అని నవ్వింది.

నేనూ నవ్వాను. నవ్వి నూనె డబ్బా ఇచ్చాను. ఆ తర్వాత పప్పు, ఆ తర్వాత గుడ్లు. ఆమె చదువుకున్నది నాలుగో తరగతి. నేను బీకాం. ఆ రోజు ఎవరికి లెక్క తెలిసిందో ఇప్పుడు చెప్పక్కర్లేదు.

చలికాలంలో గుడ్ల ధర పెరిగింది. బిల్లులో ఇచ్చే రేటు పాతదే. వారానికి మూడు గుడ్లు పెట్టాలని బడి గోడమీద రాసి ఉంది. ఒకటి తగ్గించమని నేనే అన్నాను. “పిలగాండ్లు గోడ చదువుతరన్నా. చదువు నేర్పిన్రు గద” అంది. ఒకరోజు హఠాత్తుగా పాత బాకీలో కొంత తెచ్చి ఇచ్చింది. ఎక్కడిదని అడిగితే, మెడలోని బంగారు గుండ్లు తాకట్టు పెట్టానంది. ఆ నోట్లను నేను రెండుసార్లు లెక్కపెట్టి గల్లాలో వేసుకున్నాను. అప్పుడేమీ అనిపించలేదు. అదే ఇప్పుడు నా మీద నాకున్న కోపం.

చివరికి ఆమెను వెంటబెట్టుకుని ట్రెజరీ ఆఫీసుకు పోయాను. బేరం మాట్లాడటంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం.

“బిల్లు పాసైంది. టోకెన్ నంబర్ కూడా పడ్డది” అన్నాడు గుమస్తా, కంప్యూటర్ నుంచి తల తిప్పకుండా.

“పైసలు?”

“పైనుంచి రిలీజ్ కావాలె.”

“సగం ఇప్పియ్యి సార్. మిగిలింది వచ్చే నెల తీసుకుంటది.”

“ఇదేమన్న కూరగాయల మార్కెటా?”

“మార్కెట్ల కనీసం వంకాయ కనబడుతది సార్.”

అతనికి నవ్వొచ్చింది. నవ్వాపుకొని, “బడ్జెట్ ఉందన్నా, పైసలే లేవు” అన్నాడు. పాపం, అతని చేతిలో తగ్గించడానికి ధరా లేదు, చూపించడానికి సరుకూ లేదు. అలాంటి మనిషితో బేరం ఎలా చేయాలో మా నాన్న నేర్పలేదు.

ఆ వారం మధ్యాహ్నాలు గిరాకీ లేనప్పుడు ఫోన్‌లో బడ్జెట్ పుస్తకం తెరిచి కూర్చున్నాను. ప్రతి పద్దుకూ ఒకే వరుసలో వేర్వేరు అంకెలున్నాయి. వచ్చే యేటికి వేసుకున్న అంచనా ఒకటి. నడుస్తున్న యేటికి సవరించిన అంచనా ఇంకొకటి. రెండేళ్ల కిందట నిజంగా ఖర్చుపెట్టింది మరొకటి. పేపర్లో వచ్చేది మొదటిదే. అంటే నాకు వినిపించింది మొదటి ధర. ఆఖరు ధర రెండేళ్ల తర్వాత, ఎవరూ చూడని గడిలో ఉంటుంది.

రాబడి వైపు చూశాను. పన్నులు, మద్యం, రిజిస్ట్రేషన్లు, కేంద్రం ఇచ్చే వాటా, భూములు అమ్మితే వస్తుందని రాసుకున్న సొమ్ము. బుద్వేల్ నుంచి మా ఊరిదాకా ఎకరం ధర నోటితో ఎంత పలుకుతారో, చేతికి ఎంత వస్తుందో మాకు తెలుసు. అనుకున్నంత రాబడి రాకపోతే జీతాలు ఆపలేరు, పింఛన్లు ఆపలేరు, వడ్డీ అసలే ఆపలేరు. ఆపడానికి మిగిలేది గొంతు లేనివాళ్ల బిల్లులు.

ఇక లోటు. రోజువారీ ఖర్చు రాబడిని దాటితే అది రెవెన్యూ లోటు. అన్ని ఖర్చులూ కలిపి, అప్పు తెస్తే తప్ప పూడని తేడా ద్రవ్య లోటు. ఆ అంకెను అదుపులో పెట్టామని సర్కారువాళ్లు గొప్పగా చెప్పుకున్నారు. ఎలా పెట్టారో అర్థమయ్యాక ఫోన్ గల్లా మీద విసిరేశాను. ఆ పుస్తకంలో చెల్లించిందే ఖర్చు. పాసైన బిల్లుకు డబ్బు ఇవ్వకపోతే అది ఖర్చు కాదు, కాబట్టి లోటూ కాదు. సర్కారు చేయాల్సిన అప్పును ఈమె తన మెడలోని గుండ్ల మీద చేసింది. వడ్డీ కూడా ఈమే కట్టింది. లోటు తగ్గింది వీళ్ల తెలివితో కాదు, ఈమె తాకట్టుతో. మా కొట్టులో నేను ఇలాంటి లెక్క రాస్తే నాన్న నా చెంప పగలగొట్టి బజార్లో నిలబెట్టేవాడు.

మార్చి దాటినా డబ్బు రాలేదు. ఆమె బడిలో గరిటె అప్పజెప్పి, విమానాశ్రయంలో ఊడ్చే పనికి కాంట్రాక్టర్ దగ్గర చేరింది. బడిలో ఇప్పుడు వేరొకామె వండుతోంది. వారానికి గుడ్డు ఒక్కటే. ఆమెకు నేను అరువు ఇవ్వను. సిగ్గులేకుండానే చెబుతున్నాను.

వర్షాలు మొదలయ్యాక ఒకరోజు పాత బిల్లుల డబ్బు మొదట వండినామె ఖాతాలో పడింది. డ్యూటీ దుస్తుల్లోనే కొట్టుకు వచ్చి బాకీ మొత్తం గల్లా మీద పెట్టింది. జన్మలో మొదటిసారి నాకు రావాల్సినదాన్ని నేనే తగ్గించబోయాను.

“వడ్డీ కట్టినవ్ గద చెల్లె. కొంత నీ దగ్గర ఉంచు.”

“వద్దన్నా. పప్పు తిన్నది సర్కారు బడి పిల్లలు. నువ్వెందుకు తగ్గాలె? తీస్కో.”

ఎంత చెప్పినా వినలేదు. తీసుకున్నాను. పోబోతూ ఆగి అడిగింది.

“నువ్వు ఆ పుస్తకం చదివినవ్ గద. నా పైసలు ఏ యేడుల రాస్తరు?”

“ఇచ్చిన యేడుల. ఈ యేడు.”

“నేను వండింది పోయినేడు.”

“పోయినేటి లెక్కల అది లేదు చెల్లె.”

“అయితే వాళ్ల లెక్క ప్రకారం పోయినేడు పిలగాండ్లు తిననే లేదు” అంది.