శనివారం పూలు

నిన్న మా వరండాకి రంగు వేయడానికి వచ్చిన పెయింటరు నిచ్చెన మీద నుంచే కిందికి వంగి, "సార్, ఈ కొక్కేలన్నీ పీకేయమంటారా?" అని అడిగాడు. ఏ కొక్కేలా అని తలెత్తి చూశాను. స్తంభానికి నడుమెత్తున ఒకటి, తలెత్తున ఒకటి, చెయ్యెత్తున ఇంకొకటి, ఆ పైన కప్పుకి ఏకంగా ఓ వరస. రంగు కోసమని మొక్కలన్నీ దింపేశాక, అవి అలా బోసిగా ఉండడం నేనూ ఎప్పుడూ చూడలేదు. "ఇంత పైకి కొట్టించారేంటి సార్? నీళ్ళు పొయ్యాలన్నా నిచ్చెన కావాలిగా?" అన్నాడతను, న్యాయంగానే. "వాటి చుట్టూ వేసెయ్యి బాబూ" అన్నాను. అతను నాకేసి ఓసారి చూసి, ముసలాళ్ళతో వాదన దేనికనుకున్నాడేమో, బ్రష్షు తీసుకుని ఒక్కో కొక్కెం చుట్టూ ఓపిగ్గా రంగు వేయడం మొదలుపెట్టాడు. నేను లోపలికి వచ్చి కూర్చున్నాను గాని మనసు అక్కడే ఉండిపోయింది.

మాది గుంటూరులో ఓ పాత బిల్డింగు, రెండో అంతస్తు. ముందువైపు వరండాలోకి రెండు పోర్షన్ల తలుపులు తెరుచుకుంటాయి: ఒకటి మాది, ఇంకొకటి పక్కింటివాళ్ళది. వరండా అని పెద్దగా ఊహించుకోవద్దు. అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంటే, దారినపోయేవాళ్ళు కాళ్ళు ముడుచుకోమని అడగాలి. మిరపకాయల సీజనులో మిర్చి యార్డు వైపు నుంచి గాలి మళ్ళిందంటే బిల్డింగు మొత్తం ఒకేసారి తుమ్ముతుంది. ఆ తుమ్ముల మధ్య, ఆ ఇరుకులో మా ఆవిడ పూలతోట వేసింది. నేలమీద కుండీ పెడితే నడవడానికి దారి ఉండదు కాబట్టి తోట మొదట రెయిలింగు ఎక్కింది, ఆ తర్వాత గాలిలోకి ఎక్కింది. ఖాళీ పెయింటు బకెట్లు, అడ్డంగా కోసిన నీళ్ళసీసాలు, నూనె డబ్బాలు, ఆఖరికి నా పాత స్కూటరు హెల్మెట్టు కూడా తీగ కట్టించుకుని వేలాడింది. దాంట్లో బిళ్ళగన్నేరు వేసింది. "మీ తలకాయ ఉన్నప్పటికంటే ఇప్పుడే బాగుంది కదండీ" అనేది, వచ్చినవాళ్ళందరి ముందూ.

తోట పనిలో నా వాటా ఒక్కటే, అదీ వికటించింది. మాది ఒంగోలు పక్కన పల్లెటూరు. పత్తి విరగపండే నేల కదా అని మా పొలంలో నల్లరేగడి మట్టి గోనెసంచిలో నింపి, బస్సులో కండక్టరుతో చివాట్లు తిని మరీ మోసుకొచ్చాను. ఎకరాలకెకరాలు పండించే ఆ మట్టి బకెట్లో పడేసరికి పదిరోజుల్లో బండరాయి అయి కూర్చుంది. నెర్రెలిచ్చి, పోసిన నీళ్ళు పోసినట్టే అంచు వెంబడి జారి కింది అంతస్తువాళ్ళ ఆరేసిన బట్టల మీద పడ్డాయి. మా ఆవిడ దాన్ని సుత్తితో కొట్టి, ఇసుకా పశువుల ఎరువూ కొబ్బరిపొట్టూ కలిపి దారికి తెచ్చుకుంది. ఆ తర్వాత నన్ను మొక్కల దగ్గరికి రానివ్వలేదు. మాకు పిల్లలు లేరు. మొక్కలే పిల్లలు కాబోలు అని చుట్టాలెవరైనా జాలిగా అంటే ఆవిడకి ఒళ్ళు మండేది. "మొక్కలు మొక్కలేనండీ. ఎండిపోతే పీకేసి ఇంకోటి వేస్తా" అనేది. ఆదివారం చర్చిలో బల్ల మీద పెట్టే పూలు తన చేతివి కావాలి, అంతే. దానికోసమే ఆ తోటంతా.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆదివారం కంటే ముందు శనివారం వస్తుంది. పక్కింటావిడ శనివారాల మనిషి. వెంకటేశ్వరస్వామికి పూలు లేకుండా ఆవిడ కాఫీ కూడా ముట్టదు. పుట్టింది వినుకొండ వైపు పల్లెలో. గొంతు తగ్గించి మాట్లాడడం ఎలాగో ఆవిడకి ఎవరూ నేర్పలేదు. భర్తకి బస్టాండు దగ్గర పురుగుమందుల కొట్టు ఉంది. పొద్దున పోయిన మనిషి రాత్రికి గాని రాడు. తెల్లవారుతుండగా పక్క తలుపు కిర్రుమనేది, గాజుల చప్పుడు, ప్లాస్టిక్ కవరు గలగల, ఆ తర్వాత మా మందారమూ నందివర్ధనమూ మాయం. మేము మంచం మీద పడుకునే వినేవాళ్ళం. "ముందే లేచి వెళ్ళి ఆపొచ్చు కదా" అని నేనంటే, "కోయనివ్వండి, కోశాక అడుగుతా" అనేది మా ఆవిడ, చీర సర్దుకుంటూ. ఆ తర్వాత మొదలయ్యేది. చిత్రమేమిటంటే, ఆ పోట్లాట అంతా మర్యాదగానే సాగేది. "అక్కయ్యగారూ, రేపు ఆదివారమని మీకు తెలియదా అండీ? ఇది దొంగతనం కాదా అండీ?" అని ఈవిడ. "దొంగతనమేంది అమ్మాయ్, నా తల్లో పెట్టుకున్నానా? దేవుడికేగా!" అని ఆవిడ. "మా దేవుడికి వద్దా మరి?" "మీ దేవుడు ఆదివారం దాకా ఆగుతాడు, మావాడు ఆగడమ్మా!" నేను పేపరు అడ్డం పెట్టుకుని నవ్వేవాణ్ణి.

అదిగో, ఆ కొక్కేల కథ అది. పూలు కోసిన ప్రతిసారీ మా ఆవిడ మొక్కల్ని ఓ మెట్టు పైకి ఎక్కించింది. నడుమెత్తు నుంచి తలెత్తుకి, అక్కణ్ణుంచి చెయ్యెత్తుకి. పక్కింటావిడ పొట్టి మనిషి. కొన్నాళ్ళు ముక్కాలిపీట తెచ్చుకుంది. మా ఆవిడ కప్పుకే కొక్కేలు కొట్టించింది. వారం తిరక్కుండా పక్కింటావిడ కిటికీ కర్టెను కడ్డీకి వంకీ కట్టి, మామిడికాయలు కోసే దోటిలాంటిది తయారు చేసింది. దాంతో శంఖుపూల తీగని ఎంత నాజూగ్గా లాగేదో! పైన మొక్క కదిలేది కాదు, మట్టి రాలేది కాదు. మా ఆవిడే ఓసారి తలుపుసందులోంచి చూసి, "పనిమంతురాలేనండీ" అని మెచ్చుకుంది, మెల్లగా, ఆవిడకి వినబడకుండా. ఇక ఈవిడేమో వేలాడే మొక్కలకి నీళ్ళందక, సీసా మూతకి చిల్లు పెట్టి పత్తి వత్తి దోపి, నీళ్ళతో నింపి తలకిందులుగా కట్టింది. మండుటెండల్లో కూడా ఒక్కో చుక్కే దిగేది. పదిహేనేళ్ళు సాగిందా యుద్ధం. ఆ యుద్ధంలో ఇద్దరూ ఓడిపోలేదు.

పోయినేడు ఆషాఢంలో, ఆయాసంగా ఉందని నాతోపాటు ఆటోలో ఆస్పత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ ఆ మెట్లు ఎక్కి రాలేదు. గుండె అన్నారు. చర్చివాళ్ళు వచ్చారు, పాటలు పాడారు. వరండాలో ఉన్న పూలన్నీ ఎవరో కోసి ఆవిడ చేతుల దగ్గర పెట్టారు. పక్కింటావిడ మా చుట్టాలందరికీ వండిపెట్టింది గాని నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. అంత గొంతున్న మనిషి నోరు ఆ రెండు రోజులూ మూతపడే ఉంది. అందరూ వెళ్ళిపోయారు. మొక్కలకేం తెలుసు, వారం తిరిగేసరికి మళ్ళీ నిండుగా పూశాయి.

శనివారం వచ్చింది. తెల్లవారకముందే మెలకువ వచ్చి చెవులు రిక్కించి పడుకున్నాను. పక్క తలుపు తెరుచుకోలేదు. దుఃఖంలో ఉన్నానని మర్యాదకి ఆగిందనుకున్నాను. పై శనివారమూ అంతే, ఆపైదీ అంతే. పూలు పూసినచోటే వాడి, ముడుచుకుని, వరండాలో రాలేవి. చీపురు పట్టుకుని నేనే ఊడ్చేవాణ్ణి. ఒకటిరెండు ఆదివారాలు చర్చికి తీసుకెళ్ళాను. అక్కడ ప్రతివాళ్ళూ ఆ పూలని, ఆ తర్వాత నన్ను చూసి కళ్ళు తుడుచుకుంటుంటే తట్టుకోలేక మానేశాను. నిజం చెప్పాలంటే ఒంటరితనం అంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. ఇంట్లో మనిషి లేకపోవడం ఒక్కటే అనుకున్నాను. ఆ మనిషి చుట్టూ అల్లుకున్న చప్పుళ్ళన్నీ కూడా పోతాయని, పొద్దున్నే ఎవరూ ఎవర్నీ తిట్టుకోని ఇంట్లో మంచం దిగడానికి కారణమే దొరకదని అనుకోలేదు. ఆవిణ్ణి నేనెలాగూ తిరిగి తెచ్చుకోలేను. కనీసం ఆ దొంగైనా తిరిగొస్తే బాగుండునన్న ఆశ నాకు పట్టుకుంది.

పక్కింటావిడకి పూలు అందడం లేదేమో, దోటి విరిగిపోయిందేమో అని ఓ పిచ్చి ఆలోచన వచ్చింది. నిచ్చెన అడిగి తెచ్చుకుని, కప్పుకి వేలాడే వాటికి తీగలు పెంచి కాస్త కిందికి దించాను. రాలేదు. ఇంకొంచెం దించాను. మా ఆవిడ పదిహేనేళ్ళు పైకి ఎక్కించినదాన్ని నేను రెండు నెలల్లో దింపేశాను. చివరికి హెల్మెట్టు నా నుదుటికే తగలడం మొదలైంది. వరండాలో వంగి నడిచేవాణ్ణి. పొట్టి మనిషికి సరిగ్గా చేతి ఎత్తున పూలు ఊగుతున్నాయి. అయినా ఆవిడ పక్కనుంచి తల వంచుకుని వెళ్ళిపోయేది. ఓరోజు సైకిలు మీద పూలమ్మే అతను వరండా కిందనుంచి ఆవిణ్ణి కేకేస్తే, వద్దని చెయ్యి ఊపింది. కొనుక్కోవడమూ లేదు, కోసుకోవడమూ లేదు. నా మీద కోపమా? ఆస్పత్రికి ఆలస్యంగా తీసుకెళ్ళానని అనుకుంటోందా? ఇలా నానా రకాలుగా నన్ను నేనే తినేసుకుని, చివరికి ఓ సాయంత్రం వెళ్ళి పక్క తలుపు తట్టాను. పూలు దొంగిలించమని ఎలా అడగాలో దారిపొడుగునా, అంటే నాలుగడుగులూ, ఆలోచిస్తూనే ఉన్నాను.

"మీరు పూలు కోసుకోవడం లేదేమండీ?" అన్నాను, చిన్నపిల్లవాడు ఫిర్యాదు చేసినట్టు.

ఆవిడ చేతిలోని చేట పక్కన పెట్టింది. "మైల కదా మాస్టారూ. ఏడాది తిరిగేదాకా ఎట్టా కోస్తా?"

నాకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఇంతేనా అనుకున్నాను. "మాకు అలాంటివేం లేవండీ. మా చర్చిలో మైల అనే మాటే లేదు. మీరు నిక్షేపంగా కోసుకోవచ్చు" అన్నాను, బడిలో చెప్పిన అలవాటుకొద్దీ పాఠం చెప్పినట్టు.

"మీకు లేకపోతే లేదు. నాకుందిగా" అంది.

ఆవిడ భుజం మీదుగా లోపల దేవుడి గూడు కనిపించింది. చిన్న దీపం వెలుగుతోంది. ఒక్క పువ్వు లేదు. ఆవిడ నా చూపు పట్టుకుని, "దీపం వొక్కటే పెట్టుకుంటన్నా. పూలు మానేశా. మా ఆయన గొడవ పెడతన్నాడు, వాళ్ళెవరు మనమెవరు, ఆవిడ నీకేమయిద్ది అని. ఏమయిద్దో నాకేం తెలుసండీ? పదిహేనేళ్ళు పొద్దున్నే ఆ అమ్మాయి నోట్లో పడి లేచా. మా అమ్మ కూడా నన్నన్నిసార్లు తిట్టలా" అంది. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వచ్చిన నాలుగడుగులూ వెనక్కి నడిచి వచ్చాను. మా ఆవిడ పోయాక నేను గట్టిగా ఏడ్చింది ఆ సాయంత్రమే. కాని ఆ ఏడుపులో కాస్త ధైర్యం కూడా ఉంది. గోడకి అవతల ఇంకో మనిషి ఇదే పని చేస్తోందని తెలిసిన ధైర్యం.

ఆ తర్వాత మొక్కలు ఎండిపోకుండా చూసుకోవడమే నా పని అయింది. ఏడాది తిరిగేసరికి పూలు ఉండాలి కదా. వత్తి సీసాలు నింపడం, ఎరువు కలపడం, చీడ పట్టిన ఆకులు తుంచడం నేర్చుకున్నాను. రోహిణి కార్తె ఎండలకి రెండు బకెట్లు పోయాయి గాని మిగతావి బతికించాను. ఆషాఢం మళ్ళీ వచ్చింది. చర్చిలో మా ఆవిడ పేరున ప్రార్థన చేశారు. ఆ వారం శనివారం ఎప్పుడొస్తుందా అని, ఈ వయసులో సిగ్గు విడిచి ఎదురుచూశాను.

వచ్చింది. తెల్లవారుతుండగా పక్క తలుపు కిర్రుమంది. గాజుల చప్పుడు, కవరు గలగల. నేను మంచం మీద కదలకుండా, ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీస్తూ పడుకున్నాను, నేను మేలుకున్నానని తెలిసి ఎక్కడ ఆగిపోతుందోనని. అడుగులు మొక్కల దాకా వచ్చాయి. అక్కడ ఆగాయి. ఆ తర్వాత ఆవిడ ఇటు తిరిగి, మా గుమ్మం ముందుకొచ్చి, తలుపు మీద మెల్లగా తట్టింది. "మాస్టారూ, లేచారా? పూలు కోసుకోమంటారా?"

అన్నేళ్ళలో ఆవిడ మమ్మల్ని ఆ మాట అడగడం అదే మొదటిసారి. లేచి తలుపు తీసి, "కోసుకోండమ్మా" అన్నాను. దోటి లేదు, పీట లేదు. చేతికందిన నాలుగు పూలు కోసుకుని, కవరు మూతి ముడిచి, "మిగతాయి ఉంచానండీ, రేపు మీకు చర్చికి కావాలిగా" అని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి పూజగంట వినిపించింది. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఈ ఒక్క మాట కోసం మా ఆవిడ పదిహేనేళ్ళు పోట్లాడింది. అది ఆరోజు నా గుమ్మంలోకి నడిచొచ్చింది, వినాల్సిన మనిషి లేనప్పుడు. ఆవిడ పోయి ఏడాది అయిందని అందరూ చర్చిలో చెప్పారు గాని, ఆ కాలం నిజంగా అయిపోయిందని నాకు తెలిసింది మాత్రం పక్కింటావిడ అడిగి కోసుకున్న ఆ శనివారం పొద్దునే.