సినిమాకెక్కిన సుబ్బక్క శోకం

సినిమావాళ్లు మా సీమను తీయాలంటే సుమోలు, కొడవండ్లు, బాంబుల పొగ అన్నీ హైదరాబాదు నుంచే లారీకెత్తుకోని వస్తారు. ఏడ్చే ఆడోళ్లను మాత్రం ఈడ్నే ఎతుక్కుంటారు. వాళ్లను తోలకపోయేది నేను. పేరు కమాల్ బాషా. ప్రొద్దుటూరు గోడలకు ముప్పై ఏండ్లు పోస్టర్లు అంటించినోణ్ణి. ఫ్లెక్సీలు వచ్చి నా బంక బకెట్టును తన్నేసినాంక ఈ పనిలో పడినా.

ఇది నా కత కాదు, సుబ్బక్క కత. నన్ను తిట్టుకోవాలంటే కడాకు విని తిట్టుకోండి.

వెంకటసుబ్బమ్మ అంటే ఎవురికీ తెలీదు. సినిమా హాలు సందులో కారందోసెల బండి సుబ్బక్క అంటే పసిపిల్లోడు గూడా దోవ చూపిస్తాడు. అబ్బో, ఏం నోరప్పా ఆయమ్మది! "ఏం బాషా, హీరో బొమ్మకు పాలు పోసొస్తివా? ఇంట్లో మీ మాబున్ని టీలోకి పాలు లేక కూచోనుంటాది పో" అని నా పెండ్లాము పేరెత్తి పదిమందిలో కడిగేస్తాండె. మొగుని మాటొస్తే మాత్రం పెనం మీదికి వంగి గమ్మునయిపోయేది.

ఆ మొగుణ్ణి పార్టీ కక్షల్లో జమ్మలమడుగు కాడ బస్సు దిగతానే నరికేసినారు. కొడుకు కార్తీక్‌కు అప్పుడు రెండేండ్లు. వాడు పెద్దోడై అడిగితే, "నరికినోళ్లంతా సచ్చినారు నాయనా, ఇంగ పగ పట్టేదానికి ఎవురూ మిగల్లేదు" అని చెప్పి పెట్టింది. వాణ్ణి చదివించిందీ, కలమల్ల కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని ఇప్పించిందీ మేనమామ బాలకృష్ణయ్య. లింగాల తట్టు చీనీతోటలున్న ఆసామి. ప్రతి ఉగాదికీ కార్తీక్ పోయి ఆయప్ప కాళ్లకు మొక్కొచ్చేవాడు. సుబ్బక్క దేవుణ్ణి అడిగేది ఒకటే. కొడుకు కొడవలి పట్టకూడదు, కొడుకు మీదికి ఎవురూ కొడవలి ఎత్తకూడదు.

పోయిన సంవత్సరం గండికోట దోవలో ఒక పల్లెలో షూటింగు పడింది. ఒకే తూరి ఆరుగురు సచ్చే సీను. ఆరుగురు పెండ్లాలకు గాజులు పగలగొట్టాల. ముత్తైదువలు ఎవురొప్పుకుంటారు? "సినిమా అయితే మాత్రం నా పసుపుకుంకాలతో ఆటలా?" అని చీపురెత్తుతారు. అందుకే ఈ సీనుకు మొగుడు లేనోళ్లనే తోలకపోతాం. వాళ్లకు గాజులేసి, బొట్టు పెట్టి, మళ్లా పగలగొట్టి, తుడిపిస్తాం. థూ, చెప్పుకునేదానికే సిగ్గు.

సుబ్బక్క మొదట రానన్నది. "శోకం పెట్టాల్నా బాషా? మాటల్తోనా?" అని రెండుసార్లు అడిగింది. మా తట్టు ఆడోళ్లు వట్టిగా కన్నీళ్లు కార్చరు. సచ్చినోణ్ణి పిలిచి, ఎట్ల సచ్చినాడో, ఎవురు సంపినారో అంతా రాగం తీసి చెప్తారు. మాటలు లేకుంటే వాళ్లకు ఏడుపే రాదు.

"ఏమన్నా అనుకో అక్కా. బొమ్మే తీసుకుంటారు, గొంతు తీసుకోరు. గొంతు హైదరాబాదులో వేరేవాళ్లిస్తారు. ముప్పై ఏండ్లుగా చూస్తాండా గదా" అంటి. పోస్టర్లు అంటించినోనికి సినిమా తీసేది తెలుస్తాదా? తెలుసనుకుంటి నేను.

మేకప్ పిల్ల పచ్చగాజులు తొడిగి బొట్టు పెట్టింది. సుబ్బక్క అద్దంలో శానాసేపు చూసుకుంది. "ఇరవై మూడేండ్లాయె" అని మాత్రం అన్నది. తర్వాత పోయి, శవం మాదిరి పండుకున్న మనిషి మీద పడి శోకం ఎత్తుకుంది.

"బాలకిష్ణన్నా... యా బస్సుకొస్తాడని అడిగితివే అన్నా... పదకొండు గంటల బస్సని నా నోటితోనే చెప్తినే... తోడబుట్టినోనివని చెప్తినే... నా తాళిని నీ పార్టీకి కానుకిస్తివా అన్నా..."

ఆ పొద్దు నిజం శవం కాడ ఏడుద్దామంటే, ఆ అన్నే పక్కన నిలబడి వీపు నిమురుతాండెనంట. అప్పుడు మింగిన మాటలు ఇవి. ఎవురూ వినరని నేను మాటిచ్చినాంక కక్కింది. మిగతా ఐదుగురూ ఎవరి మొగుణ్ణి వాళ్లు పిలుచుకుంటా ఏడుస్తాండారు, వాళ్లు ఇది విన్లేదు.

డైరెక్టరు కోస్తా మనిషి. "ఈ యాసలో ఎంత జీవముందండీ!" అని కండ్లు తుడుచుకున్నాడు. నాలుగుసార్లు గాజులేయించి నాలుగుసార్లు పగలగొట్టించి, కడాకు మొదటిదే ఉంచుకున్నాడు, గొంతుతో సహా. నాకు అనుమానమొచ్చి మేనేజరు కాడికి పోతి. "ఆ మాటలు తీసేయండి సార్, అవి ఇంటి మాటలు" అంటి. "చూద్దాంలే" అన్నాడు. మళ్లా అడిగితే వచ్చే షూటింగుకు పిలవడేమోనని నోరు మూసుకుంటి.

సినిమా వచ్చినరోజు కార్తీక్ కలమల్ల నుంచి దోస్తులను ఎంటబెట్టుకోని వచ్చినాడు, "మాయమ్మ ఉండాది, రండిరా" అని. గాజులు పగిలే సీనుకు హాలంతా ఒకటే ఈలలు. వాడొక్కడే లేచి బయటికొచ్చినాడు. నేను బండి కాడ్నే ఉండా. "అమ్మా, మామేనా?" అనె. పెనం మీద దోసె మాడిపోయింది. వానికి అర్థమైపాయె.

రెండు దినాలు తలుపేసుకోని పండుకున్నాడు. మూడోనాడు లేచి తల్లిని కూచోబెట్టి, "నేను మామ జోలికి పోనుమ్మా. ఆయప్ప గడప తొక్కను, అంతే. నువ్వు భయపడాకు" అని చెప్పినాడంట. ఆ సంగతి నాకు చెప్తా చెప్తా సుబ్బక్క నవ్వింది, ఏడ్చింది. "నా కొడుకు నన్ను గెలిపించినాడు బాషా" అన్నది.

ఊరు ఊరకుంటాదా? సినిమా కంపెనీవాళ్లు ఆ ఏడుపు ముక్క కోసి, 'నిజమైన సీమ కన్నీరు' అని పేరు పెట్టి ఫోన్లలోకి వదిలిరి. కార్తీక్ డ్యూటీకి పోతాంటే సందులో పిల్లోళ్లు తొడలు కొట్టి, "ముహూర్తం ఎప్పుడన్నా?" అని అరుస్తాండిరి. సినిమాలో హీరో మైల తీరకముందే పగ తీర్చుకున్నాడు గదా, వీడు ఇంకా టిఫిన్ క్యారియరు పట్టుకోని పనికి పోతాండాడే అని వాళ్ల బాధ.

నేనూ ఆ సందులోనోణ్ణే. టీ అంగడి కాడ ఎవురో "ఆ పిల్లోడు మెత్తనోడు, ఏం చేయడులే" అన్నాడు. నాకు పొడుచుకొచ్చె. "పులి కడుపున పిల్లి పుడతాదా? గమ్మునుండాడంటే అదును చూస్తాండాడని. ఉగాదికి లింగాలలో ఏం జరుగుతాదో చూస్తాండండి" అంటి. అందరూ సప్పట్లు కొట్టిరి. నేనే ఆ సినిమా తీసినంత సంబరంగా ఇంకో టీ తాగితి.

ఆ మాట లింగాలకు పాయె. బాలకృష్ణయ్య పక్షవాతమొచ్చి మంచంలో ఉండాడు. ఆయప్ప కొడుకులిద్దరూ అదే సినిమా రెండుసార్లు చూసుండారు. వాడు ఏసేలోగా మనమే ఏయాల అనుకున్నారు. ఉగాదికి ముందురోజు కలమల్ల రోడ్డులో, డ్యూటీకి పోతాండే పిల్లోణ్ణి జీపుతో గుద్ది, దిగి నరికినారు. "ఉగాదికి వస్తాడని ప్రొద్దుటూరులో అనుకుంటాండిరి" అని పోలీసులకు చెప్పినారంట.

టీవీల్లో 'పగ తీర్చుకోబోయి బలి' అని వేసిరి. సుబ్బక్క వాళ్లెవరితోనూ మాట్లాడలేదు. నన్ను లోపలికి పిలిచింది. "నా కొడుకు పోతానన్లేదు గదా బాషా? నీకు చెప్పింటి గదా?"

"చెప్పింటివక్కా" అంటి.

"మరి ఉగాదికని ఎవురు పుట్టించినారబ్బీ ఆ మాట? నీకు ఊర్లో అందరూ తెలుసు గదా, కనుక్కో."

ఇప్పటికి ఏడు నెలలు. నేను కనపడినప్పుడల్లా అడుగుతాది. కనుక్కుంటాండా అక్కా, అంటాండా.