స్టేషనుకు ముందు సాధకం

నా చిన్నప్పుడు విజయనగరంలో మా వీధి ఆడపిల్లలందరూ మా మామ్మ చేత మొట్టికాయలు తిన్నవాళ్లే. ఆవిడ పాట నేర్పేది. గొంతు ఎక్కడ తడబడితే ఆ ఒక్క చోటే మళ్లీ మళ్లీ పాడించేది. వచ్చింది పాడుకుని మురిసిపోవడానికి ఇక్కడిదాకా రావడమెందుకు అని వెక్కిరించేది కూడా.

ఆవిడ దగ్గర నేర్చుకున్న పక్కింటి అక్కను పాతపట్నం ఇచ్చారు. ఒకరోజు పొద్దున్నే ఆ అక్క పుట్టింటికి వచ్చేసింది. పెదవి చిట్లి ఉంది, ఎడమచెయ్యి పైకి లేవడం లేదు. మొగుడు కొట్టడం అదేం మొదటిసారి కాదట. పోలీసులకు చెబుతానంది గానీ ఆ మాట అంటూనే వెళ్లి వీధి తలుపు గడియ పెట్టొచ్చింది. మళ్లీ ఆ ఇంటికి వెళితే ఈసారి ప్రాణాలతో తిరిగి రాదని మామ్మ భయం. మునుపు ఇంకొకామెను ఇలాగే స్టేషనుకు తీసుకెళితే, అక్కడి ప్రశ్నలకు బెదిరిపోయి ఫిర్యాదు వెనక్కి తీసుకుని కాపురానికి పోయిందట. మామ్మ అది మరచిపోలేదు.

అందుకే ముందు పెద్దాసుపత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించి, దెబ్బలన్నీ డాక్టరు చేత రాయించింది. ఇంటికొచ్చి అన్నం పెట్టి, అక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పాటకు చేయించినట్టే స్టేషనుకూ సాధకం మొదలుపెట్టింది. మామ్మే ఎస్సై. నాకు దొంగేడుపు బాగా వచ్చు కనుక అత్తగారి వేషం నాకిచ్చింది.

బల్లమీద కూర్చోబెట్టి చాలాసేపు పలకరించరు, అలిగి లేచి రాకు అంది. నువ్వేం చేస్తే కొట్టాడని అడుగుతారు, నీ తప్పులు వెతుక్కోకుండా ఎప్పుడు దేంతో కొట్టాడో చెప్పు అంది. రాసింది చదివించుకుని, నువ్వు చెప్పినట్టే ఉంటే సంతకం పెట్టి, కాపీ అడిగి తెచ్చుకోమంది. మొగుణ్ణి పిలిపించి సర్దుకోమంటారు, తర్వాత పెద్దమనుషులొస్తారు, కోర్టులో వాయిదాలు పడుతూనే ఉంటాయి అని కూడా దాచకుండా చెప్పింది. ఎస్సైకి అక్క బాగానే జవాబు చెప్పేది. నేను ఏడుపు మొదలుపెడితే మాత్రం తల దించేసుకునేది. ఇంకేముంది, నా చేత ఏడిపించి ఏడిపించి నా గొంతు బొంగురుపోయేలా చేసింది మామ్మ.

స్టేషనులో అన్నీ మామ్మ చెప్పినట్టే జరిగాయి. ఒక్కటి తప్ప. ఓ ఆడ కానిస్టేబులు అక్క పక్కన కూర్చుని ఏమైనా తిన్నావా అమ్మా అని అడిగింది. అంతే, అక్క భోరుమంది. తిట్లకు సిద్ధపడి వెళ్లింది గానీ ఆ మాటకు కాదు. మామ్మ ఏడవనిచ్చింది. ఏడుపయ్యాక మిగతాది చెప్పించింది.

వారం తిరక్కుండా అత్తగారు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని, మిఠాయిలు పట్టుకుని రాజీకి దిగింది. నా కొడుకుని జైల్లో ఎట్టిస్తావేటే అమ్మీ అని అందుకుంది. అచ్చం నా పాఠమే! ఊపిరి తీసుకోడానికి ఆవిడ ఆగేసరికి, గుమ్మంలో ఉన్న నేను అలవాటు కొద్దీ అందించేశాను.

"మొగుడన్నాక ఓ దెబ్బ ఏస్తాడు, దానికే టేషనుకెక్కుతావేటే?"

"నానూ అదే కదే అంతన్నాను!" అంది ఆవిడ.

చిట్లిన పెదవిని చేత్తో పట్టుకుని మరీ నవ్వింది అక్క. నవ్వడం అయ్యాక తల దించుకోలేదు.

"అత్తా, ఫిర్యాదు ఎనక్కి తీసుకోను. ఆ మిఠాయిలు కూడా అట్టుకుపోండి."

కేసు ఏళ్ల తరబడి నడిచింది. వాయిదా పడినప్పుడల్లా అక్క ఉసూరుమనేది గానీ బెదిరేది కాదు. ఆ ఇంటికి మాత్రం మళ్లీ వెళ్లలేదు.

నాకూ ఇప్పుడు మామ్మ వయసొచ్చింది. ఈ కాలంలో ఫోను చేస్తే పోలీసులే ఇంటికొస్తారు, స్టేషనులో ఆడవాళ్ల కోసం వేరే బల్ల కూడా వేశారు. రాజీకొచ్చే వాళ్ల మాటలు మాత్రం అలాగే ఉన్నాయి. అందుకే ఏ పిల్లయినా కొంగుతో చెంప దాచుకుని మా ఇంటికొస్తే, ధైర్యంగా ఉండు తల్లీ అని వీపు నిమిరి పంపెయ్యను. కూర్చోబెట్టి, ఎవరెవరు ఏమంటారో, ఎన్నాళ్లు తిప్పుతారో అంతా విప్పి చెబుతాను. విన్నాక ప్రతి పిల్లా ఒకటే అడుగుతుంది, ఇన్ని జరుగుతాయా మామ్మా అని.

జరుగుతాయే తల్లీ. అన్నీ జరిగాక కూడా నువ్వుంటావు.