కుండీ అడుగున మైనం

పోదనూరు స్టేషన్ వెయిటింగ్ రూంలో నేను, నా ఒడిలో వాడిపోయిన జువ్వి బోన్సాయ్, పక్కన పెరియకుళంలో మామిడి అంట్లు కట్టే ఒక పెద్దావిడ. ఆవిడ మట్టి వాసన చూసి, కుండీని ఎత్తి అడుగున నీళ్లు కారే చిల్లును తడిమింది.

“అడుగు ఓట్టను ఎవురో మైనంతో మూసిండారు సామీ. నీళ్లు నిలిచి వేరు కుళ్లింది.”

నాకు ప్రమోషన్ వచ్చాక ఆ కుండీని ముట్టుకున్నది ఆఫీసులో నా పక్క సీటువాడొక్కడే.

“దీన్ని వాడి మొహాన కొడతాను,” అన్నాను.

“చచ్చినదాన్ని జూస్తే వానికి కుశాలే గదా. బతికించి వాని ఎదురుగా పెట్టు.”

తన అడకత్తెరతో మైనం పెకలించి, నల్లబడి మెత్తబడిన వేళ్లన్నీ కత్తిరించి, కోతలకు పసుపు అద్దింది. ఇసుకలో ఇటుక ముక్కలు కలిపి నాటమంది. పైమట్టి ఆరితేనే నీళ్లు పొయ్యమంది.

ఇప్పుడది వాడి కంప్యూటర్‌కు ఎదురుగా ఉంది. పొద్దున వాడు వచ్చి కూర్చున్నాకే దాని ఆకులు తుడుస్తాను. కొత్తవి పదకొండు.