శనిని దాటిన ప్యాసింజర్ బండి

నా చిన్నప్పుడు నాకు పట్టిన శనిని మా నాయనమ్మ అనంతగిరి గుట్టమీద పూజ చేయించి వదిలించిందని, అందుకే నాకు చదువు అబ్బిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్ళిళ్ళలో ఇదే కథ. మొన్న మా తమ్ముడి కూతురికి ఇంజనీరింగ్ సీటు వచ్చినప్పుడూ ఇదే కథ. ఎవరు మొదలుపెట్టినా నేను సగంలోనే అడ్డం పడతాను. "ఇగ షురూ చేసింది" అని మా మరదలు వంటింట్లోకి వెళ్ళిపోతుంది. పోనీ. ఆ రోజు బండిలో కూర్చున్నది నేను, ఆమె కాదు. నన్ను శని వదిలింది గుట్ట మీద కాదు, తాండూర్ దాటాక తొమ్మిదో రాయికీ పదో రాయికీ మధ్య. వదిలించింది మా మేనత్త. ఆమె చేతిలో ఉన్నది నా ఏడో తరగతి సామాన్యశాస్త్రం పుస్తకం.

మాది తాండూర్‌లో కందిపప్పు వ్యాపారం. నాన్నకు అక్క అయిన మా మేనత్త, నేను అత్తమ్మ అని పిలిచే ఆమె, చిన్న వయసులోనే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. దుకాణం వెనక పప్పు జల్లెడ పట్టే పని ఆమె చూసుకునేది. చదివింది ఐదో తరగతే. నేను పక్కన కూర్చుని పాఠం పైకి చదువుతుంటే చేతిలో జల్లెడ ఆడుతూనే ఉండేది. నేను తప్పు చదివినప్పుడు మాత్రం జల్లెడ ఆగేది. నాకు ఏ టీచరూ అంత భయం పెట్టలేదు.

ఏడో తరగతి అయ్యాక పరీక్ష రాస్తే, వికారాబాద్‌లో హాస్టలున్న ఆడపిల్లల బడిలో నాకు సీటు వచ్చింది. జూన్‌లో ఒక సోమవారం లోపల చేరాలి, లేకపోతే ఆ సీటు ఇంకో పిల్లకు పోతుంది. సరిగ్గా ఆ వారమే నాయనమ్మ నా జాతకం తీసుకెళ్ళి అయ్యగారికి చూపించింది. ఏల్నాటి శని మొదలైందని, ఏడున్నరేళ్ళు పిల్లను కళ్ళ ముందే ఉంచుకోవాలని, ఊరు దాటించి చదువుకు పంపొద్దని చెప్పారట. నాకప్పుడు పన్నెండు నిండాయి. ఏడున్నరేళ్ళు కలిపితే ఎంతవుతుందో, అప్పటికి నన్ను ఏం చేసి ఉంటారో లెక్క వేసుకోవడానికి పెద్ద తెలివి అక్కరలేదు. నాన్న తల ఊపాడు. మా ఇంట్లో నాన్న తల ఊపితే మాట అయిపోయినట్టే. అమ్మ పొయ్యి ముందు ముక్కు చీదుకుంది.

నేను మాత్రం నట్టింట్లో నిలబడి, "శని ఎక్కడున్నడో నాకు చూపియ్యుండ్రి, అప్పుడు బడి మానేస్త" అని అరిచాను.

"చూసినవా దీని నోరు? శని ఇంకెక్కడ్నో లేడు, దీని నోట్లెనే కూసున్నడు" అంది నాయనమ్మ.

అందరూ నవ్వారు. మా అత్తమ్మ నవ్వలేదు. మర్నాడు జల్లెడ దగ్గర కూర్చుని, "నీ పుస్తకంల చూడరాదు బిడ్డా, శని ఏడున్నడో రాసుంటది గద" అంది. పుస్తకంలో పట్టిక ఉంది. సూర్యుడి నుంచి ఏ గ్రహం ఎన్ని కోట్ల కిలోమీటర్లో చదివాను. భూమి పదిహేను కోట్లు. శని నూట నలభై మూడు కోట్లు. అప్పట్లో తొమ్మిదో గ్రహంగా లెక్కలో ఉన్న ప్లూటో ఐదువందల తొంభై కోట్లు. ఆమె కళ్ళు మూసుకుని, వేళ్ళ మీద ఏదో లెక్క కట్టి, "పదిహేను కోట్లకు ఒక రాయి అనుకుంటే, మన టేషన్ కాడ సూర్యుడు, వికారాబాద్ల ప్లూటో. సరిగ్గ కుదిరిందే!" అని తనలో తనే మురిసిపోయింది. రైలు పట్టాల పక్కన కిలోమీటరుకు ఒక రాయి ఉంటుంది. తాండూర్ నుంచి వికారాబాద్‌కు నలభై కిలోమీటర్లు. నాకు ఇందులో మురిసిపోవడానికి ఏముందో అర్థం కాలేదు.

ఆ సాయంత్రమే ఆమె నాయనమ్మ దగ్గరికి వెళ్ళి, శనివారం పిల్లను వికారాబాద్ పక్కనున్న అనంతగిరికి తీసుకుపోయి పూజ చేయిద్దామని, దారిలో దోషం కూడా వదిలేద్దామని చెప్పింది. పూజకు వెళ్ళి అదే రోజు తిరిగొస్తే తప్పు లేదు కాబట్టి నాయనమ్మ సంబరంగా ఒప్పుకుంది. మా వైపు దోషం వదలడమంటే నల్లగుడ్డలో నువ్వులు కట్టి, మనిషి చుట్టూ తిప్పి, ఊరి బయట విసిరేయడం. విసిరినాక వెనక్కి తిరిగి చూడకూడదు. దోషం ఎవరిదో వాళ్ళు ఆ చోటు మళ్ళీ దాటకూడదు. ఈ నియమాలు మాకు నేర్పింది నాయనమ్మే.

శనివారం పొద్దున్న నాయనమ్మ, నాన్న, అత్తమ్మ, నేను ప్యాసింజర్ ఎక్కాం. అత్తమ్మ నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, పుస్తకం ఒళ్ళో పెట్టి, "రాళ్లు లెక్కవెట్టు, గ్రహం వచ్చినప్పుడల్ల గట్టిగ చెప్పు" అంది. నేను మా బడి గోడ మీద ఉన్న బొమ్మను మనసులో పెట్టుకున్నాను. అందులో గ్రహాలన్నీ దండలో పూసల్లా వరసగా, సమాన దూరంలో ఉండేవి. నాలుగైదు రాళ్ళకు ఒకటి చొప్పున తీరిగ్గా చెప్పొచ్చనుకున్నాను.

బండి కదిలి ప్లాట్‌ఫారం దాటుతుండగానే బుధుడు వచ్చేశాడు. నేను పుస్తకంలో వేలు పెట్టేలోపల శుక్రుడు. మొదటి రాయి దగ్గర భూమి. ఇంకో అర కిలోమీటరుకు అంగారకుడు. బండి ఇంకా వేగం కూడా అందుకోలేదు, నాలుగు గ్రహాలు అయిపోయాయి. నాకు ఆయాసం వచ్చింది.

నాయనమ్మకు అనుమానం వచ్చింది. "భూమి గ్రహమెట్లయితదే? మనం దాని మీదనే ఉంటిమి. గుళ్ళె నవగ్రహాలల్ల భూమి ఏడున్నది?" అని అడిగింది. నిజమే, గుళ్ళో సూర్యుడున్నాడు, చంద్రుడున్నాడు, భూమి లేదు. నేను కూడా అప్పటిదాకా ఆ తొమ్మిది, ఈ తొమ్మిది ఒకటే అనుకున్నాను. తొమ్మిదికి తొమ్మిది సరిపోయాయి కాబట్టి పేర్లు పోల్చి చూడాలని తోచనేలేదు.

"మరి రాహు కేతులేరే?" అని నాయనమ్మ రెట్టించింది.

"టికెట్ కొనలేదేమో, దింపేసిండ్రు" అంది అత్తమ్మ. ఎదురుగా కూర్చున్న కన్నడపామె, సేడంలో ఎక్కినట్టుంది, పగలబడి నవ్వింది.

ఆ తరువాత ఏ గ్రహమూ రాలేదు. రెండో రాయి, మూడో రాయి, నాలుగో రాయి. పట్టాల పక్కన నాపరాళ్ళ గుట్టలు, దుక్కి దున్నిన చేలు. ఐదో రాయి దాటాక గురుడు వచ్చాడు. మళ్ళీ ఏమీ లేదు. "పుస్తకంల తప్పు పడ్డదేమో" అన్నాను. "పుస్తకంల లెక్క మంచిగనే ఉన్నది, బొమ్మనే ఉత్తది. గింత ఖాళీ గీస్తే కాగితం సరిపోతదా?" అంది అత్తమ్మ.

తొమ్మిదో రాయి దాటగానే ఆమె లేచి నిలబడింది. "అమ్మా, శని వస్తున్నడు, మూట తియ్యి" అంది. నాయనమ్మ గబగబా నువ్వుల మూట నా తల చుట్టూ తిప్పింది. నేను "శని!" అని అరిచాను. మూట కిటికీలోంచి ఎగిరిపోయింది. నాయనమ్మ లెంపలు వేసుకుంది. ఆమెను చూసి కన్నడపామె, కన్నడపామెను చూసి అవతలి వరసలో వాళ్ళు, చివరికి ఏం జరుగుతోందో తెలియని ఒక ముసలాయన కూడా లెంపలు వేసుకున్నారు. నాన్న మాత్రం బయటికి చూస్తూ కూర్చున్నాడు.

తరువాత నాకు మిగిలింది ఖాళీ. పంతొమ్మిదో రాయి దాకా యురేనస్ రాలేదు. ధారూర్ దాటాక ముప్పయ్యో రాయి దగ్గర నెప్ట్యూన్. లెక్క తప్పకూడదని నేను కళ్ళార్పకుండా కూర్చుంటే కళ్ళు మండాయి. అంత దూరంలో ఒకరి మీద ఒకరు ఎలా కన్నేస్తారో ఆ పన్నెండేళ్ళ బుర్రకు అందలేదు. ఇప్పటికీ అందదు. పెద్దయ్యాక వేసి చూసుకుంటే, ఆ లెక్కలో సూర్యుడు స్టేషన్ మాస్టర్ గదంత, శని కందిపప్పు బస్తా అంత, మన భూమి జామపండంత. జామపండు మీద ఉన్న ఒక పిల్లను ఎనిమిదిన్నర కిలోమీటర్ల అవతలున్న బస్తా వచ్చి పట్టుకుందట.

వికారాబాద్‌లో దిగగానే నాయనమ్మ తిరుగు బండి ఎన్నింటికని అడిగింది.

"మనకు ఏ బండైన నడుస్తది. పిల్లకెట్లనే?" అంది అత్తమ్మ.

"పిల్లకేమైంది?"

"వదిలిన శనిని మళ్ల దాటొద్దంటివి. బండి గాడికెల్లే పోతది గద."

"బస్సుల పోదాం" అంది నాయనమ్మ.

"బస్సుల పోయినా ఇల్లు తాండూర్లనే ఉండె. శనికి మన ఇల్లు తొమ్మిది రాళ్లు. మరి ఈడికి ఎన్ని రాళ్లో పిల్లనే అడుగు, అదే లెక్కవెట్టింది."

నాయనమ్మ నా వైపు తిరిగింది. అప్పుడు అర్థమైంది నాకు, పొద్దున్నుంచి అత్తమ్మ నాతో ఈ ఒక్క మాట చెప్పించడానికే రాళ్ళు లెక్కపెట్టించిందని. శని అక్కడ లేడని నాకు తెలుసు. లెక్క మాత్రం నిజం. "ముప్పై" అన్నాను.

"గిప్పుడు చెప్పమ్మా, పిల్లను శని పక్కన ఉంచుదామా, శనికి దూరం ఉంచుదామా?"

నాయనమ్మ నాన్నను చూసింది. నాన్న పట్టాల వైపు చూస్తూ, "లెక్క లెక్కనే గదనే అమ్మా" అన్నాడు. అంతే. అత్తమ్మ ప్లాట్‌ఫారం మీదే పూజ సంచి విప్పింది. కొబ్బరికాయ కింద, నూనె సీసా కింద నా లంగాజాకెట్లు రెండు జతలు, కంచం, గ్లాసు, మడతపెట్టిన దుప్పటి ఉన్నాయి. అటునుంచి అటే హాస్టలుకు వెళ్ళాం. నాన్న సంతకం పెట్టాడు. గుట్ట ఎవరూ ఎక్కలేదు. బండి వేళయిపోతోందని ముగ్గురూ కిందనుంచే దండం పెట్టి వెళ్ళిపోయారు, కొబ్బరికాయ పగలకుండానే ఇల్లు చేరింది. పూజ జరిగిందని చెప్పేవాళ్ళు ఆ కొబ్బరికాయ సంగతి కాస్త చెప్పాలి మరి.

గేటు దగ్గర అత్తమ్మను పక్కకు లాగి అడిగాను, శని నిజంగా ఆ రాయి దగ్గర లేడు కదా అని.

"లేడు. నీ నెత్తి మీద కూడ లేడు. ఆయనకు ఆయన తొవ్వ ఉన్నది, పోతున్నడు. నువ్వు లోపలికి నడువు, గంట కొట్టిండ్రు."

శని నిజంగానే తన దారిన పోతుంటాడు. సూర్యుడి చుట్టూ తిరగడానికి దాదాపు ముప్పై ఏళ్ళు పడుతుంది. రాశికి రెండున్నరేళ్ళు, మూడు రాశులకు ఏడున్నరేళ్ళు. పంచాంగం వాళ్ళ లెక్క తప్పని నేను ఎప్పుడూ అనలేదు, ఎవరూ నా మీద ఆ నింద వేయొద్దు. ఆయన ఎక్కడున్నాడో వాళ్ళకు తెలుసు. ఆయన అక్కడుంటే నేను బడికి ఎందుకు వెళ్ళకూడదో మాత్రం ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు. ప్లూటోను గ్రహాల్లోంచి తీసేశారని పేపర్లో చదివిన రోజు అత్తమ్మకు ఫోన్ చేసి, మన వికారాబాద్ పోయిందని చెప్పాను. "పేరు తీసిండ్రు గని, అది ఉన్న కాడనే ఉండె గద" అంది. ఇప్పుడు ఎవరు ఏ భయం చెప్పినా, నాకు ముందు నోటికొచ్చే మాట "ఎంత దూరంల ఉన్నది?" అనే. దూరం చెప్పలేకపోతే ఆ భయాన్ని నేను ఇంట్లోకి రానివ్వను. ఆ రోజు నాకు దక్కింది అది.

ఒక్కటి మాత్రం తేలలేదు. మా నాన్న బస్తాను చేత్తో లేపి బరువు చెప్పేవాడు, కాటా మీద పెడితే పావుకిలో తేడా వచ్చేది కాదు. ఆ పొద్దున ఇంటి నుంచి స్టేషన్ దాకా ఆ సంచి మోసింది ఆయనే. ఒక కొబ్బరికాయ, ఒక నూనె సీసా అంత బరువుండవని ఆయన చేతికి తెలియదా? మొన్న ఫోన్లో సూటిగానే అడిగాను. "గిప్పుడెందుకే గవన్నీ, తిన్నవా?" అన్నాడు. తెలియదనలేదు. మరి తెలిసే మోసి ఉంటే, "నా బిడ్డను చదువుకు పంపుత" అని కన్నతల్లితో ఒక్క మాట చెప్పడానికి ఆ మనిషికి నోరెందుకు రాలేదు?